అచ్చయిన వార్తకు మార్కులెవరికి?

ఆరు నెలలు శిక్షణ పొందిన విలేకరిని పని చూపించమంటే క్లిప్పింగ్‌ల ఫైలు తెచ్చి ముందు పెడతారు. జిల్లా పేజీల్లో లీడ్‌గా, అంటే ప్రధాన వార్తగా వచ్చినవి నాలుగైదు, బాక్స్ ఐటెంలు మరికొన్ని, అదృష్టం బాగుంటే మెయిన్ ఎడిషన్‌లో పేజీ అడుగున వచ్చే యాంకర్ కథనం ఒకటి. తేదీలు వేసి వరసలో అతికించిన ఆ ఫైలును తిరగేస్తే ఎవరికైనా మంచి అభిప్రాయమే కలుగుతుంది. దాన్ని చూసి ఉద్యోగం ఇవ్వవచ్చు. మార్కులు వేయాల్సి వస్తే మాత్రం చిక్కు మొదలవుతుంది. ఎందుకంటే ఆ ఫైలులోని ఏ వార్తా అచ్చంగా ఆ ఒక్కరు రాసింది కాదు.

తెలుగు దినపత్రికలో వార్త ఎన్ని చేతులు మారుతుందో ఆ రంగంలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. మండల విలేకరి రాసి పంపిన వార్తను, పత్రికల భాషలో కాపీని, డివిజన్ కేంద్రంలోనో జిల్లా కేంద్రంలోనో ఉన్న స్టాఫర్ ఒకసారి చూస్తారు. డెస్కులో సబ్ ఎడిటర్ ఇంట్రోను, అంటే వార్త మొదలును తిరగరాస్తారు. పక్క మండలం నుంచి వచ్చిన అలాంటి వార్తనే దీనికి కలిపి పెద్దది చేస్తారు, లేదా స్థలం చాలక చివరి రెండు పేరాలు కోసేస్తారు. శీర్షిక ఎప్పుడూ డెస్కుదే. ఆ పైన బైలైన్ అనేది ఇక్కడ అరుదైన గౌరవం. మండల స్థాయి వార్తకు డేట్‌లైన్‌లో ఊరి పేరు, పత్రిక పేరు తప్ప రాసినవారి పేరు కనపడదు. ‘ఈనాడు’లో అయితే ఊరి పేరు పక్కన ‘న్యూస్‌టుడే’ అని ఉంటుంది. కాబట్టి ఫైలులో అతికించిన ముక్క ఫలానా వారిదేనని ఆ ముక్కే చెప్పలేదు.

అలాగని ఈ ఫైలును, అంటే పోర్ట్‌ఫోలియోను పక్కనపెట్టి మూడు గంటల పరీక్ష పెడితే సరిపోతుందా అంటే అదీ కాదు. పరీక్ష హాల్లో కొన్ని వివరాలు ఇచ్చి రెండు వందల మాటల్లో వార్త రాయమంటారు. ఆంగ్లంలో ఉన్న ఏజెన్సీ కాపీ ఇచ్చి తెలుగులోకి తెమ్మంటారు. వాటిలో భాష తెలుస్తుంది, అమరిక తెలుస్తుంది, గడియారం తరుముతుంటే చెయ్యి ఎలా నడుస్తుందో తెలుస్తుంది. వివరాలు సంపాదించడం ఎలాగో మాత్రం తెలియదు. ఎందుకంటే వాటిని ప్రశ్నపత్రమే ఇచ్చేసింది. ఫోను ఎత్తని ఎస్సై దగ్గర మాట రాబట్టడం, తహసీల్దారు కార్యాలయంలో ఏ రిజిస్టరు అడగాలో తెలిసి ఉండటం, పోస్టుమార్టం అయ్యేదాకా ఆసుపత్రి వరండాలో నిలబడటం, నెల తర్వాత అదే ఇంటికి మళ్లీ వెళ్లి పరిహారం అందిందా అని అడగటం... విలేకరి పని వీటిలోనే ఉంది. హాలు టికెట్ ఇచ్చి వీటిని పరీక్షించలేరు. నిజంగా చేసిన పనినే ముందు పెట్టుకుని అంచనా కట్టాలన్న ఆలోచన అక్కడి నుంచే పుట్టింది.

ఈ ఆలోచనను పట్టుదలగా ఆచరణలో పెట్టి చూసిన దేశం బ్రిటన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947లో అక్కడ పత్రికల మీద రాయల్ కమిషన్ వేశారు. 1949లో అది ఇచ్చిన నివేదిక పత్రికల్లోకి వచ్చేవారి చదువు, శిక్షణ మీద కూడా దృష్టి పెట్టింది. ఆ ఊపులోనే 1951లో పత్రికా శిక్షణ జాతీయ మండలి ఏర్పడింది. అందరూ ఎన్‌సీటీజే అని పిలిచేది దాన్నే. అక్కడి స్థానిక పత్రికలు చిన్న వయసు వారిని ట్రైనీలుగా తీసుకునేవి. కోర్టులు, కౌన్సిల్ సమావేశాలు, అనుమానాస్పద మరణాలపై కరోనర్ జరిపే విచారణలు తిప్పుతూ పని నేర్పేవి. మండలి పరీక్షలు పెట్టేది. ఆ రెండింటినీ కలిపిన వంతెన లాగ్‌బుక్.

సీనియర్ విలేకరిగా గుర్తింపు ఇచ్చే ఆ మండలి పరీక్షను చాలాకాలం ఎన్‌సీఈ అనేవారు. 2013 నుంచి ఎన్‌క్యూజే అంటున్నారు. వార్త రాయడం, ఇంటర్వ్యూ చేయడం, చట్టం, వృత్తి నియమాలు వంటివాటికి విడిగా పరీక్షలు ఉంటాయి. వాటితో పాటు ఉద్యోగంలో ఉన్నంతకాలం రాసిన వార్తలను అంశాలవారీగా నమోదు చేసుకుంటూ వచ్చిన లాగ్‌బుక్ కూడా ఒక భాగం. ఇందులో గమనించాల్సిన ఏర్పాటు ఒకటుంది. అచ్చయిన కత్తిరింపు ఒక్కటే చాలదు. విలేకరి డెస్కుకు పంపిన అసలు కాపీని కూడా దాని పక్కన పెట్టాలి. అది ఆ ట్రైనీ రాసిందేనని పత్రికలో బాధ్యులు సంతకం చేయాలి. క్లిప్పింగ్ ఒక్కదానితో ఏమీ తేలదని అక్కడివారికి ఎప్పుడో అర్థమైంది.

చట్టానికీ షార్ట్‌హ్యాండ్‌కూ విడి పరీక్షలు పెట్టడంలోనూ ఇదే ఎరుక ఉంది. ఎన్‌సీటీజే డిప్లొమాలో నిమిషానికి వంద మాటల వేగంతో షార్ట్‌హ్యాండ్ రాయగలగడం ఎంతోకాలం పేరున్న ప్రమాణం. అక్కడి ట్రైనీలు ఎక్కువగా నేర్చుకునే టీలైన్ లిపిని జేమ్స్ హిల్ 1968లో రూపొందించారు. వార్తలో జడ్జి మాట కొటేషన్లలో ఉన్నంత మాత్రాన ఆ విలేకరి దాన్ని సరిగ్గా రాసుకున్నట్టు కాదు. పక్క పత్రిక మిత్రుడిని అడిగి రాసుకుని ఉండవచ్చు. కత్తిరింపు చూపించలేని నైపుణ్యాలను పరీక్ష గదిలోనే చూడాలి. పరీక్ష గది చూపించలేనివాటికే ఫైలు కావాలి. ఈ పంపకం ఇప్పటికీ గట్టిగానే నిలబడి ఉంది.

దీనికి భిన్నమైన దారిని కూడా బ్రిటన్ పట్టి చూసింది. 1986లో జాతీయ వృత్తి అర్హతల మండలి ఏర్పడ్డాక, అన్ని వృత్తులకూ ఎన్‌వీక్యూలనే పేరుతో కొత్త అర్హతలు వచ్చాయి. అవి 1990ల తొలి ఏళ్లలో పత్రికారంగంలోకీ వచ్చాయి. పరీక్షలెందుకు, పనిచేసే చోట పని చేయగలిగినట్టు ఆధారాలు చూపిస్తే చాలదా అన్నది వాటి సిద్ధాంతం. వినడానికి బాగానే ఉంది. ఆచరణకు వచ్చేసరికి ప్రతి పనినీ ముక్కలు చేసి, ముక్కముక్కకూ ప్రమాణం రాసి, ప్రమాణానికో కాగితం జతచేయాల్సి వచ్చింది. పని చేయడం కన్నా పని చేసినట్టు రుజువులు పోగేయడం పెద్ద పనైంది. 1996లో గోర్డన్ బోమాంట్ ఈ అర్హతల మీద చేసిన సమీక్ష కూడా వాటి భాష సామాన్యుడికి కొరుకుడు పడనిదిగా ఉందని ఎత్తిచూపింది. ఈ అనుభవం తెలుగు పత్రికల వారికీ పనికొస్తుంది. మార్కుల పట్టికలో ముప్ఫై గడులు గీసిన రోజున దిద్దేవారు వార్త చదవడం మానేసి గడులు నింపడం మొదలుపెడతారు.

ఆ విధానం నుంచి వృథా పోనిది ఒకటుంది. చూపించిన ప్రతి ఆధారం గురించీ నాలుగు విషయాలు అడగాలని అది నేర్పింది: పరీక్షిస్తున్న నైపుణ్యానికీ దీనికీ సంబంధం ఉందా, ఇది ఆ మనిషిదేనా, ఈ మధ్యదేనా, ఇది సరిపోతుందా. వార్తా కత్తిరింపు విషయంలో మిగతా మూడూ ఎలాగో నెగ్గుతాయి. రెండో దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీల గురించి గ్రామీణ విలేకరులకు బాగా తెలుసు. ఊళ్లలో తనిఖీ ముగిశాక మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, తేలిన విషయాలు అందరి ముందూ చదువుతారు. ఒక ట్రైనీని అక్కడికి పంపారనుకుందాం. సాయంత్రం ఆయన పంపిన కాపీ ఇలా మొదలవుతుంది: “మండల పరిషత్ కార్యాలయ ఆవరణలో మంగళవారం సామాజిక తనిఖీ ప్రజావేదిక నిర్వహించారు. ఈ కార్యక్రమంలో ఎంపీడీవో, ఏపీవో, సర్పంచులు, సాంకేతిక సహాయకులు పాల్గొన్నారు.” తర్వాత ఎవరెవరు ఏం మాట్లాడారో, రికవరీ ఎంతకు ఆదేశించారో ఉంటుంది. తొమ్మిదో వాక్యంలో, రెండేళ్ల కిందట చనిపోయిన ఒకామె జాబ్‌కార్డు మీద కూలి డబ్బులు డ్రా అయినట్టు ఆమె కొడుకు లేచి చెప్పాడని ఉంటుంది. పేరు, ఊరు, మస్టర్ (కూలీల హాజరు పట్టీ) నంబరు కూడా ఉంటాయి.

మర్నాడు పత్రికలో ‘చనిపోయినామె పనికొచ్చింది!’ అన్న శీర్షికతో ఆ తొమ్మిదో వాక్యమే ఇంట్రో అయి, జిల్లా పేజీలో లీడ్‌గా వస్తుంది. ఆ ముక్క ఫైలులో చేరుతుంది. దాన్ని మాత్రమే చూసినవారు వార్తాదృష్టికి పూర్తి మార్కులు వేస్తారు. నిజానికి ఆ ట్రైనీకి దక్కాల్సిన మార్కులు ఇంకో చోట ఉన్నాయి. కొడుకు లేచినప్పుడు వినడమే కాకుండా, సభ అయ్యాక అతన్ని పట్టుకుని మస్టర్ నంబరు రాసుకున్నాడు. అది మంచి రిపోర్టింగ్. చేతికి చిక్కిందేమిటో గుర్తించలేకపోయాడు. అది నేర్చుకోవాల్సింది. కాపీ, కత్తిరింపు పక్కపక్కన పెట్టుకుంటే ఈ రెండూ అయిదు నిమిషాల్లో తెలుస్తాయి. కత్తిరింపు ఒక్కటే ఉంటే అతని బలం, బలహీనత రెండూ డెస్కు నేర్పు కింద కప్పబడిపోతాయి. శిక్షణ ఇచ్చేవారికి కావాల్సింది సరిగ్గా ఆ కప్పబడిన భాగమే.

చట్టం దగ్గర ఇది ఇంకా ప్రమాదకరంగా మారుతుంది. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం. భారతీయ శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్ కింద ఉన్న ఈ నిబంధన, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్‌గా ఉంది. బాధితులు పిల్లలైతే 2012 నాటి పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ పేరునే కాదు, చిరునామాను, ఫొటోను, కుటుంబ వివరాలను, బడిని, ఆనవాలు పట్టించే ఏ వివరాన్నీ రాయనివ్వదు. ఇప్పుడు ఒక ట్రైనీ పోలీసులు చెప్పింది చెప్పినట్టు రాసి, బాలిక చదివే బడి పేరు, తండ్రి చేసే పని కూడా పెట్టి కాపీ పంపాడనుకుందాం. డెస్కులో అనుభవజ్ఞుడైన సబ్ ఎడిటర్ వాటన్నిటినీ తీసేశారు. అచ్చయిన వార్త కడిగిన ముత్యంలా ఉంటుంది. దాన్ని ఫైలులో చూసి చట్టపరిజ్ఞానం బాగుందని మార్కులేస్తే, రేపు అదే విలేకరి డెస్కు అడ్డులేని వెబ్‌సైట్‌లోనో యూట్యూబ్ చానెల్‌లోనో చేరి ఆ కుటుంబాన్ని రోడ్డు మీదికి తెస్తాడు. తిరగేసి కూడా జరుగుతుంది. విలేకరి ఆచితూచి ‘ఆరోపణ’ అని రాస్తే, శీర్షిక పెట్టినవారు నేరం రుజువైపోయినట్టు పెడతారు. అచ్చులో కనిపించే తప్పుకు ఫైలు యజమాని జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

అచ్చు కాని వార్తల సంగతి వేరే చెప్పాలి. ఇసుక రవాణా మీద నాలుగు రోజులు తిరిగి రాసింది యాజమాన్యం ఇబ్బందుల వల్లో ప్రకటనకర్త మొహమాటం వల్లో ఆగిపోవచ్చు. ఆ రోజు పేజీలో చోటు లేకపోవడమే కారణం కావచ్చు. అచ్చయితేనే లెక్క అన్న నియమం ఉంటే, ట్రైనీ చేసిన అన్నిటికన్నా మంచి పని ఫైలులోకి రానే రాదు. అచ్చు కాని కాపీలకు కూడా చోటివ్వని పోర్ట్‌ఫోలియో, విలేకరి సామర్థ్యం కన్నా ఆ పత్రిక ఇష్టాయిష్టాలనే ఎక్కువగా కొలుస్తుంది.

అచ్చయినదంతా విలేకరి సేకరించిన వార్తేనని అనుకోవడమూ పొరపాటే. 2009 ఎన్నికల తర్వాత చెల్లింపు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి ఉన్నారు. డబ్బు తీసుకుని అభ్యర్థుల గొప్పలను వార్తలుగా అచ్చేసిన తీరును, పోటీ పత్రికల్లో ఒకే కథనం అదే మాటలతో వచ్చిన తీరును ఆ పరిశీలన బయటపెట్టింది. అంత దూరం పోకపోయినా, రోజువారీ పేజీల్లో ప్రెస్‌నోట్ నుంచి పుట్టే ఐటెంలు తక్కువేమీ కాదు. పోలీసుల నోట్, కలెక్టరేట్ నుంచి సమాచార శాఖ పంపే నోట్, పార్టీ కార్యాలయం నోట్... ఇవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో అందరికీ ఒకేసారి వస్తాయి. ఆ నోట్‌ను కూడా కాపీ పక్కన పెట్టమంటే చాలు. ట్రైనీ అందులో ఏం చేర్చాడు, ఏం తీసేశాడు, ఎవరికి ఫోను చేసి సరిచూసుకున్నాడు అన్నది వెంటనే తేలుతుంది. ఏమీ చేర్చని ఐటెం ఫైలులో ఉండటం నేరం కాదు. దానికి మార్కులుండవు, అంతే.

బీట్ అదృష్టం అని ఒకటుంది. బీట్ అంటే విలేకరికి అప్పగించిన రంగం. దాన్ని ఏ పట్టికా సరిచేయలేదు. జిల్లా కేంద్రంలో క్రైమ్ చూసే ట్రైనీకి వారానికి రెండు పెద్ద వార్తలు కాళ్ల దగ్గరికే వస్తాయి. వ్యవసాయ మార్కెట్, విద్యాశాఖ చూసేవారికి అలాంటివి నెలకొకటి రావు. వాళ్లే కదిలి వెతుక్కోవాలి. ఇద్దరి ఫైళ్లూ పక్కపక్కన పెడితే మొదటిది బరువుగా కనిపిస్తుంది. పని ఎక్కువ చేసింది రెండోవారు కావచ్చు. ఈ రకం ఇబ్బంది పత్రికలకే పరిమితం కాదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో 1990ల మొదట్లో బడిపిల్లల రాతలను, లెక్కలను పోర్ట్‌ఫోలియోల ద్వారా రాష్ట్రమంతటా అంచనా కట్టడం మొదలుపెట్టారు. డేనియల్ కొరెట్జ్, ఆయన సహచరులు ర్యాండ్ సంస్థ తరఫున దాన్ని పరిశీలించారు. ఒకే ఫైలుకు ఇద్దరు ఉపాధ్యాయులు వేసిన మార్కులు పొంతన లేకుండా ఉన్నాయని వాళ్లు చూపించారు. పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో రకం పని పెట్టినప్పుడు, దేన్ని దేనితో పోల్చాలో దిద్దేవారికి తెలియలేదు. విలేకరుల ఫైళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువ.

దీనికి పూర్తి మందు లేదు కానీ ఉపశమనం ఉంది. ఫైలులో ఏం పెట్టాలో పూర్తిగా ట్రైనీకే వదిలేయకూడదు. ‘మీ మంచి పది వార్తలు’ అన్నారంటే వచ్చేది పెళ్లిచూపుల ఫొటో లాంటి ఫైలు. సగం ట్రైనీ ఎంచుకోవాలి. మిగతా సగం దిద్దేవారు ఎంచుకోవాలి. ఆగస్టు రెండో వారంలో పంపిన ప్రతి కాపీ, సెప్టెంబరులో ఫలానా మూడు రోజుల కాపీలన్నీ అని ముందుగా చెప్పకుండా అడగాలి. మామూలు రోజున, తలనొప్పి ఉన్న రోజున, మూడు కార్యక్రమాలు ఒకేసారి పడిన రోజున ఆ విలేకరి ఏం రాశాడో అప్పుడు కనపడుతుంది. పత్రిక నడిచేది అలాంటి రోజుల మీదే. ఇంకా, ఒకే అంశం మీద వరుస వార్తలు కొన్ని ఉండాలని తప్పనిసరి చేయడం మంచిది. తాగునీటి పథకం ఆగిపోయిందని రాసినవారు రెండు నెలలకు మళ్లీ అక్కడికి వెళ్లారా లేదా అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. ఫైలులోని తేదీలు చెబుతాయి. పోర్ట్‌ఫోలియోకు పరీక్ష మీద ఉన్న అసలైన పైచేయి ఇక్కడే ఉంది. మొదటి నెల కాపీనీ ఆరో నెల కాపీనీ పక్కన పెట్టి, మనిషి ఎదిగాడో లేదో చూడవచ్చు.

ప్రతి వార్తకూ నాలుగు వాక్యాల నోట్ కావాలి. సమాచారం ఎలా తెలిసింది, ఎవరితో మాట్లాడారు, ఎవరు దొరకలేదు, తర్వాత ఏదైనా తప్పని తేలిందా. మరీ ఎక్కువ రాయమంటే ఎన్‌వీక్యూల కాగితాల గుట్ట తిరిగి వస్తుంది. సవరణ పడిన వార్తను కూడా ఫైలులో పెట్టమనాలి. దాన్ని దాచినవారికి మార్కులు తగ్గించాలి తప్ప తప్పు చేసినందుకు కాదు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. పేరు చెప్పవద్దని సమాచారం ఇచ్చిన ఉద్యోగుల, బాధితుల వివరాలు ఈ నోట్లలోకి రాకూడదు. కుల దాడి మీదో కాంట్రాక్టు అక్రమం మీదో వార్త ఇచ్చినవారి ఫోను నంబరు మార్కుల ఫైలులో పడి నలుగురి చేతులూ మారితే, ఆ నష్టాన్ని ఏ డిగ్రీ పూడ్చలేదు.

దిద్దేది ఎవరన్నది మరో చిక్కుముడి. ట్రైనీ ఎలా పనిచేశాడో బాగా తెలిసింది బ్యూరో ఇన్‌చార్జికే. తక్కువ మార్కులు వేయడానికి అందరికన్నా వెనకాడేదీ ఆయనే. తన దగ్గర నేర్చుకున్నవారికి ఏమీ రాలేదని రాస్తే అది తన మీదకే వస్తుంది. ఎక్కువ మార్కులు వేస్తే మనిషిని ఇంకో ఎడిషన్ తన్నుకుపోతుందేమోనన్న బెంగ కూడా ఉండవచ్చు. బ్రిటన్‌లో పత్రికవారు సంతకం చేస్తే, మార్కులు వేసేది బయటి సంస్థ నియమించిన పరీక్షకులు. తెలుగులో ఆ ఎడం లేదు. ఇక్కడి పెద్ద పత్రికలకు సొంత జర్నలిజం పాఠశాలలు ఉన్నాయి. బూదరాజు రాధాకృష్ణ వంటి భాషావేత్త ప్రిన్సిపాల్‌గా ఉన్న ఈనాడు జర్నలిజం పాఠశాల ఎంతమందికి వాక్యం నేర్పిందో తెలుగు డెస్కులన్నిటికీ తెలుసు. అయితే ఎంపిక చేసేది, నేర్పేది, అచ్చేసేది, మార్కులు వేసేది, ఉద్యోగం ఇచ్చేది ఒకే యాజమాన్యమైతే, ఆ పత్రిక రాయని విషయాన్ని రాయాలనుకున్న ట్రైనీకి ఎవరు మార్కులు వేస్తారు? విశ్వవిద్యాలయాల్లో పరిస్థితి తలకిందులు. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం శాఖ ఉంది. బయటి పరీక్షకులు ఉంటారు, స్వేచ్ఛ ఉంటుంది. రోజూ అచ్చయ్యే పేజీ మాత్రం ఉండదు. ఈ రెండు రకాల సంస్థలూ ఒకరి ఫైళ్లు ఒకరు దిద్దుకునే ఏర్పాటు చేసుకుంటే ఇద్దరి లోటూ కొంత తీరుతుంది. ఆ మాటకొస్తే పోటీ పత్రికల వాళ్లు ఒకరి ట్రైనీల కాపీలు ఒకరికి చూపించుకుంటారా అన్నది వేరే ప్రశ్న.

ఎవరు దిద్దినా ఇద్దరు దిద్దాలి, విడివిడిగా దిద్దాలి. మార్కుల్లో తేడా ఎక్కువ వస్తే కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ పైన ట్రైనీని ఎదురుగా కూర్చోబెట్టుకుని పావుగంట అడగాలి. ఈ అంకె ఎక్కడిది? ఈ అధికారి వివరణ ఎందుకు లేదు? డెస్కు మీ ఇంట్రో మార్చింది కదా, మీదే బాగుందనుకుంటున్నారా? మొహమాటం లేకుండా తనదే బాగుందని, ఎందుకో కూడా చెప్పగలిగినవారు కొందరుంటారు. ఒక్కోసారి వాళ్ల మాటే నిజం. రాసిన మనిషికీ రాయించుకున్న మనిషికీ తేడా పావుగంట మాటల్లో తేలినంతగా యాభై కత్తిరింపుల్లో తేలదు.

ఈ పావుగంట విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది. ఇదివరకు అసలు కాపీ చూస్తే చాలు, రాసినవారి చెయ్యి తెలిసిపోయేది. ఇప్పుడు ఫోనులో ఉన్న కృత్రిమ మేధ సాధనానికి ప్రెస్‌నోట్ ఇస్తే అర నిమిషంలో ఇంట్రోతో సహా కాపీ ఇచ్చేస్తుంది. కాబట్టి కాపీకి కూడా వెనక్కి, నోట్‌బుక్ దాకా వెళ్లాలి. సభలో గబగబా గీసుకున్న అక్షరాలు, కొట్టేసిన పేర్లు, మార్జిన్‌లో రాసుకున్న ఫోను నంబర్లు, రికార్డు చేసుకున్న మాటలు. ఆన్‌లైన్‌లో వచ్చిన వార్తలైతే ఎంతమంది చూశారన్న లెక్కను కొందరు ఫైలులో గర్వంగా పెడుతున్నారు. దాన్ని మార్కులతో కలపడం మొదలైతే, సినిమా తారల పెళ్లి ముచ్చట్లు రాసేవారిని నీటిపారుదల రాసేవారు ఎప్పటికీ దాటలేరు.

ఇంతా చేసి ఈ చర్చ అంతా పాఠశాలల్లో సీటు వచ్చిన కొద్దిమంది ట్రైనీల గురించే. తెలుగు పత్రికల జిల్లా పేజీలను నింపేది వాళ్లు కాదు. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మండలానికో విలేకరి అవసరమయ్యారు. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ఆ పనిలోకి వచ్చినవారు కంట్రిబ్యూటర్లు: ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవారు, చిన్న దుకాణం నడిపేవారు, పత్రిక ఏజెంట్లు. వీరిలో చాలామందికి పరీక్ష లేదు, శిక్షణ అంటే రెండు రోజుల వర్క్‌షాప్. వార్తలతో పాటు ప్రకటనల టార్గెట్ కూడా వాళ్ల నెత్తినే ఉంటుంది. తమాషా ఏమిటంటే, అచ్చయిన వార్తలు కత్తిరించి కాగితాల మీద అతికించడం అందరికన్నా బాగా తెలిసింది వీళ్లకే. అచ్చయిన నిడివిని బట్టి డబ్బులిచ్చే లైన్ అకౌంట్ కోసం నెలాఖరున ఆ పనే చేసేవారు. ఆ కాగితాలను ఆఫీసులో స్కేలు పెట్టి కొలిచేవారు. ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందన్నదే లెక్క. వార్త ఎలా ఉందన్నది ఆ లెక్కలో లేదు. పొడుగ్గా రాసినవారికి నాలుగు రూపాయలు ఎక్కువ, క్లుప్తంగా రాసినవారికి తక్కువ.

డిగ్రీ లేని, హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చి ఏడాది కోర్సు చదవలేని ఈ విలేకరికి పోర్ట్‌ఫోలియో నిజంగా అక్కరకొచ్చే దారి. ఉన్న ఊళ్లో, చేస్తున్న పనితోనే అర్హత సంపాదించుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా రాస్తున్నా స్టాఫర్ కాలేకపోయినవారి నైపుణ్యాన్ని గుర్తించడానికి వేరే మార్గం కూడా పెద్దగా లేదు. రెండు రాష్ట్రాల్లోని మీడియా అకాడమీలు పూనుకుంటే బయటి పరీక్షకుల సంగతి తేలుతుంది.

తేలనిది ఒక్కటే ఉంది, అది పత్రికల చేతుల్లో ఉంది. మండలం నుంచి వాట్సాప్‌లో వచ్చిన కాపీని డెస్కులో తీసుకుని, దాని మీదే మార్పులు చేసి, పేజీలో పెట్టేస్తారు. వారం తిరిగేసరికి అసలు కాపీ ఫోను నిండిపోయి చెరిగిపోతుంది. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కాపీ తొలి రూపాన్ని విడిగా దాచే వీలు ఉన్నచోట కూడా దాన్ని ఆరు నెలలు ఉంచమని ఎవరూ అడగరు. విలేకరి పేరుతో, తేదీతో, పంపిన వేళతో ఆ తొలి రూపాన్ని డెస్కు కదిలించకుండా ఉంచి, అడిగినప్పుడు ఆ విలేకరికి ఇవ్వాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక పేజీ రంగుల ప్రకటన ఖరీదులో ఓ మూలకు రాదు. డెస్కు ఎంత దిద్దిందో బయటపడటం ఇష్టం లేని పత్రికలు ఉంటాయి. ఎంత కోసిందో బయటపడటం ఇష్టం లేనివి ఇంకా ఎక్కువ ఉంటాయి.